నొప్పి తగ్గింది సరే, పేగు మానిందా?

"నొప్పి లేదు, విరేచనాలు తగ్గాయి, బరువు కూడా పెరిగాను. మళ్ళీ ఈ స్కానింగ్ ఎందుకండీ?" పేగు గోడ వాచి, పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు క్రాన్స్ వ్యాధి. దానికి మందులు వాడేవాళ్ళు గ్యాస్ట్రో డాక్టర్‌ని తరచూ అడిగే ప్రశ్న ఇది. ఖర్చు చూస్తే న్యాయమైన ప్రశ్నే.

1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి డాక్టర్లు బరిల్ క్రాన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ ఈ జబ్బును వర్ణించారు. ఆపరేషన్ చేయకుండా చిన్నపేగును చూడాలంటే అప్పట్లో బేరియం ఎక్స్‌రేనే దిక్కు. సుద్దనీళ్ళలాంటి బేరియం తాగించి, అది పేగులో జారుతుంటే వరసగా ఫిల్ములు తీసేవారు. పేగు ఇరుకైన చోట అది దారప్పోగులా కనిపించేది. గోడ ఎంత వాచిందో మాత్రం తెలిసేది కాదు.

అందుకే మందు పనిచేసిందో లేదో రోగినే అడిగేవారు. 1976లో అమెరికాలో ఒక స్కోరు తయారైంది. వారంపాటు ఎన్నిసార్లు విరేచనమైంది, నొప్పి ఎంత, ఒంట్లో ఎలా ఉంది అని రోగి రాసుకున్న లెక్కే దానికి ముఖ్య ఆధారం. 150 కన్నా తక్కువ వస్తే జబ్బు అదుపులో ఉన్నట్టు. కానీ హాయిగా తిరుగుతున్న మనిషి పేగులోనూ పుండ్లు ఉండొచ్చు. నొప్పి లేకుండానే వాపు కొనసాగి, చివరికి పేగు మూసుకుపోయి ఆపరేషన్ దాకా వెళ్ళొచ్చు.

మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ వచ్చాక పుండ్లు కంటికి కనిపించాయి. అయితే అది చూపేది పెద్దపేగు, చిన్నపేగు చివరి భాగం, అదీ లోపలి పొరనే. క్రాన్స్ గోడ మొత్తాన్నీ తినేసే జబ్బు.

1998లో అమెరికాలో వాపును అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. ఇలాంటి ఇంజెక్షన్లతో పుండ్లు మానడం చూశాక ఆశ పెరిగింది. బాధ తగ్గితే చాలదు, పుండు మానాలని అంతర్జాతీయ నిపుణులు 2015లో తేల్చారు. 2021 సవరణలో గోడ మొత్తం మానడాన్నీ గమనించమన్నారు, తప్పనిసరి లక్ష్యంగా మాత్రం పెట్టలేదు.

మరి మాటిమాటికీ ఎలా చూడాలి? సీటీలో రేడియేషన్ ఉంది, ఈ జబ్బేమో ఎక్కువగా యువతలో మొదలవుతుంది. ఎమ్మారైకి ఆ భయం లేదు కానీ ఖర్చు, లీటరుకు పైగా ద్రవం తాగి కదలకుండా పడుకోవడం కష్టం. ఇక మిగిలింది మామూలు అల్ట్రాసౌండ్. ప్రోబ్ పొట్ట మీద పెట్టి గోడ మందం కొలుస్తారు. 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి. అదే మిషన్‌లో రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ పద్ధతిలో గోడలో ప్రవాహం ఎక్కువగా కనిపిస్తే వాపు ఇంకా ఉన్నట్టు. 2018లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో చిన్నపేగు జబ్బును ఎమ్మారై 97 శాతం మందిలో, అల్ట్రాసౌండ్ 92 శాతం మందిలో పట్టుకున్నాయి. చికిత్స మొదలైన 3 నెలలకే గోడ పలచబడడం జర్మనీలో నమోదైంది.

ఐరోపాలో చాలాచోట్ల గ్యాస్ట్రో డాక్టరే తన గదిలో ఈ పరీక్ష చేసేస్తారు. మన దగ్గర అంత సులువు కాదు. ఆడపిల్లల భ్రూణహత్యల్ని ఆపేందుకు 1994లో తెచ్చిన చట్టం ప్రకారం మిషన్ రిజిస్టర్ కావాలి, వాడేవారికి నిర్ణీత అర్హత ఉండాలి. ఆ చట్టం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. దాన్ని సడలించమనడం కాదు, పేగు స్కానింగ్‌లో రేడియాలజిస్టులకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఈలోగా రోగులు చేయగలిగింది ఒకటుంది: రిపోర్టులో గోడ మందం మిల్లీమీటర్లలో రాయమని అడగడం, పాత రిపోర్టు వెంట తీసుకెళ్ళడం. పోల్చి చూసేందుకు పాత కొలత లేకపోతే, మందు పనిచేస్తోందో లేదో కొత్త స్కాన్ ఒక్కటీ చెప్పలేదు.