గ్రీన్ జాబ్స్ లెక్కలు: అపోహలు - వాస్తవాలు

ఫలానా ప్రాజెక్టుతో జిల్లాకు ఇన్ని వేల గ్రీన్ జాబ్స్ అని వార్త వస్తుంది. అంకె అందరికీ గుర్తుంటుంది. దాన్ని ఏ కొలతతో కొలిచారో అడిగేవాళ్లు తక్కువ. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పనులనే ముందు పెట్టుకుని, తరచూ వినిపించే అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: సోలార్, గాలిమరల పనులే గ్రీన్ జాబ్స్.

2013 అక్టోబరులో జెనీవాలో జరిగిన 19వ అంతర్జాతీయ కార్మిక గణాంక నిపుణుల సదస్సు ఇలాంటి ఉద్యోగాలను లెక్కించడానికి రెండు దారులు చూపింది. మొదటిది, సంస్థ బయటికి అమ్మే సరుకు లేదా సేవ పర్యావరణానికి మేలు చేసేదా అన్నది. రెండోది, అమ్మేది ఏదైనా సరే, సంస్థ లోపల కాలుష్యం తగ్గించే పని, నీరూ కరెంటూ ఆదా చేసే పని ఎవరైనా చేస్తున్నారా అన్నది.

నెల్లూరు జిల్లా నేలటూరు థర్మల్ కేంద్రం అమ్మేది బొగ్గు కరెంటు. కాబట్టి మొదటి దారిలో అక్కడి నుంచి ఒక్క ఉద్యోగమూ రాదు. కానీ పొగలోని బూడిదను పట్టే ఈఎస్‌పీని నడిపేవాళ్లు, వాడిన నీటిని శుద్ధి చేసేవాళ్లు రెండో దారిలో లెక్కకొస్తారు. ఇది చాలామందికి మింగుడుపడదు. బొగ్గు కేంద్రంలో గ్రీన్ జాబా అంటారు. లెక్క చూసేది గేటు మీది బోర్డును కాదు, మనిషి చేసే పనిని.

ఇక్కడే పొరపాటూ జరుగుతుంది. 200 మంది ఉన్న రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో వ్యర్థజలాల శుద్ధి దగ్గర పూర్తి సమయం ఉండేది నలుగురే అయితే, లెక్కకు రావాల్సింది ఆ నలుగురే. వారానికి రెండు గంటలు అక్కడి మోటారు చూసిపోయే ఎలక్ట్రీషియన్‌ను కూడా కలిపితే అంకె ఉబ్బుతుంది. అందుకే అమెరికా కార్మిక గణాంక సంస్థ తన ఇలాంటి సర్వేలో పనివేళల్లో సగానికి మించి ఆ పనికే వెచ్చించేవాళ్లు ఎందరని మాత్రమే సంస్థలను అడిగింది.

అపోహ: గ్రీన్ సరుకు చేసే షాపులో అందరివీ గ్రీన్ జాబ్సే.

ఒంగోలులో 10 మంది పనిచేసే వెల్డింగ్ షాపు ఉందనుకుందాం. సోలార్ ప్యానెళ్ల స్టాండ్లు, ఇళ్ల గేట్లు, ట్రాక్టర్ ట్రాలీలు చేస్తుంది. ఏడాది అమ్మకాల్లో స్టాండ్ల వాటా 30 శాతమైతే లెక్కలోకి వచ్చేది 3 ఉద్యోగాలు. వాటాను బిల్లుల నుంచి తీయాలి, ఓనరును నోటిమాటగా అడిగితే సరిపోదు. అదీ 12 నెలల బిల్లులు చూడాలి. పెద్ద ఆర్డరు వచ్చిన నెల ఒక్కటే చూస్తే 80 శాతం కూడా కనిపించొచ్చు.

అపోహ: పేరులో గ్రీన్ ఉంటే గ్రీన్ జాబే.

పంచాయతీల్లో ఇంటింటికీ తిరిగి చెత్త సేకరించేవాళ్లను గ్రీన్ అంబాసిడర్లు అంటున్నాం. చెత్త సేకరణ, వేరుచేయడం పర్యావరణ రంగంలోనే ఉన్నాయి. జాతీయ పరిశ్రమల వర్గీకరణ 2008లో అది 38వ డివిజన్. కానీ సదస్సు నిర్వచనంలో ఇంకో మెట్టు ఉంది. పర్యావరణ రంగంలోని పని గౌరవప్రదమైన పని కూడా అయితేనే గ్రీన్ జాబ్. కనీస వేతనం అందుతోందా, ఏ నెల జీతం ఆ నెల వస్తోందా, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, గ్లవ్స్, బూట్లు ఇచ్చారా అని చూడాలి. అందుకే రెండు అంకెలు విడివిడిగా ఇవ్వాలి: పర్యావరణ రంగంలో ఎందరు, వాళ్లలో గౌరవప్రదమైన పని ఎందరిది. మన దగ్గర ప్రకటనల్లో మొదటి అంకెకే రెండో పేరు పెట్టేస్తారు.

అపోహ: ప్లాంటు కడితే వచ్చిన ఉద్యోగాలన్నీ ఉండిపోతాయి.

ఒక ప్లాంటు ఉందనుకుందాం. నిర్మాణం ఒక ఏడాది, 400 మంది. తర్వాత 25 ఏళ్లు ప్లాంటు నడపడానికి 20 మంది. ఈ లెక్కను మనిషి-సంవత్సరాల్లో (ఒక మనిషి ఏడాది పాటు చేసే పని ఒకటి) వేయాలి: 400, దానికి 20 × 25 కలిపితే 900. ప్లాంటు నడిచే 25 ఏళ్లకు పంచితే సగటున 36 ఉద్యోగాలు. 420 అని రాసినవాడూ 900 అని రాసినవాడూ 36 అని రాసినవాడూ ఒకే ప్లాంటు గురించి చెబుతున్నారు! కనిగిరి ప్రాంతంలో బయోగ్యాస్ ప్లాంటుకు 2025లో శంకుస్థాపన జరిగింది. అలాంటి చోట ప్లాంటుకు ముడిసరుకుగా గడ్డి పెంచి అమ్మే రైతుల పనిని ప్లాంటు ఉద్యోగాల్లో కలపకుండా పరోక్ష ఉపాధి కింద వేరే వరుసలో చూపాలి.

అపోహ: పరోక్ష ఉద్యోగాలను ఒక గుణకంతో తేల్చేయొచ్చు.

ఒక ఉద్యోగం వస్తే దాని వెనుక ఇంకెన్ని వస్తాయో చెప్పేది గుణకం. గుణకాలు దేశం మొత్తానికి వేసిన సరఫరా-వినియోగ పట్టికల (ఏ పరిశ్రమ ఎవరి నుంచి ఎంత కొంటుందో చూపే పట్టికలు) నుంచి వస్తాయి. ప్యానెళ్లు, ఇన్వర్టర్లు బయటి నుంచి లారీల్లో దిగితే, వాటి తయారీ ఉద్యోగాలు ఆ ఫ్యాక్టరీ ఉన్న ఊరివి. దేశపు గుణకాన్ని జిల్లాకు యథాతథంగా వాడితే అంకె సాధారణంగా ఎక్కువే వస్తుంది.

అపోహ: ఉన్న సర్వేల్లోంచి తీస్తే చాలు.

కార్మిక శక్తి సర్వే (పీఎల్ఎఫ్ఎస్) పరిశ్రమ కోడ్‌ను 5 అంకెల్లో, వృత్తి కోడ్‌ను 3 అంకెల్లో తీసుకుంటుంది. సోలార్ ప్యానెల్ బిగించేవాళ్లు 3 అంకెల వృత్తి కోడ్‌లో విడిగా కనిపించరు, వేరే పనులవాళ్లతో ఒకే గూట్లో పడతారు. ఫ్యాక్టరీల వార్షిక సర్వే నమోదైన ఫ్యాక్టరీలకే ప్రధానంగా పరిమితం. పాత ఇనుము కొట్టు అందులోకి రాదు, దాన్ని అసంఘటిత సంస్థల సర్వేలో వెతకాలి. పీఎల్ఎఫ్ఎస్ మనుషుల్ని లెక్కిస్తుంది, సంస్థల సర్వేలు ఉద్యోగాలను. రెంటినీ నేరుగా కూడకూడదు.

అపోహ: ధనిక దేశాలు ఈ లెక్క తేల్చేశాయి.

అమెరికా 2011కు 34 లక్షల ఉద్యోగాలని, మొత్తం ఉపాధిలో అది 2.6 శాతమని ప్రకటించింది. ఈ లెక్కల్లో బస్సు డ్రైవర్లనూ కలుపుతున్నారని అంతకుముందే వాళ్ల కాంగ్రెస్ కమిటీలో పెద్ద రగడ జరిగింది. 2013లో నిధుల కోతతో ఆ సర్వేనే ఆపేశారు.

అపోహ: లెక్కలో చేరిన ప్రతి ఉద్యోగమూ కొత్తదే.

రొయ్యల చెరువు దగ్గర డీజిల్ జనరేటర్ పోయి సోలార్ వస్తే ప్యానెల్ మెకానిక్‌కు పని దొరుకుతుంది, డీజిల్ మెకానిక్‌కు తగ్గుతుంది. ఇద్దరూ ఒకే మనిషి కావచ్చు కూడా. సంస్థల సర్వేలో వచ్చిన ఉద్యోగమే కనిపిస్తుంది, పోయినది కనిపించదు. అది తెలియాలంటే ఇంటికి వెళ్లి, పోయిన ఏడాది ఇదే నెలలో ఏ పని చేశారు, ఎన్ని రోజులు చేశారు, కూలి ఎంత వచ్చింది అని అడగాలి.