పరీక్ష జరగని మనిషి ఖాతాలో ‘జబ్బు లేదు’ అని రాయకండి

శ్రీకాకుళం

చిరంజీవులకు ఆశీస్సులు.

ఉద్దానం గ్రామాల్లో కిడ్నీ పరీక్షల వివరాలు నమోదు చేసే అప్లికేషన్‌ను మీరు రాస్తున్నారని తెలిసి చాలా సంతోషించాను. అందులో ‘జబ్బు ఉందా’ అనే బూలియన్ (ట్రూ లేదా ఫాల్స్, అంటే అవును-కాదు విలువల) కాలమ్ గురించే నా బెంగ అంతా.

ఆ కాలమ్‌లో రెండే విలువలుంటాయని మీరు అనుకుంటారు. కానీ ‘నాట్ నల్’ (ఖాళీగా ఉండకూడదు) అని కట్టడి చేయనంతవరకు డేటాబేస్ మూడోదాన్ని కూడా ఒప్పుకుంటుంది. ట్రూ అంటే జబ్బు ఉంది, ఫాల్స్ అంటే లేదు, నల్ అనే ఖాళీ విలువ అంటే ఇంకా పరీక్షే జరగలేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ‘ఇఫ్ నాట్’ (‘కాకపోతే’) అని రాసిన చోట ఈ నల్ వెళ్లి ఫాల్స్‌తో కలిసిపోతుంది. జావా భాషలో ఈ విలువను చదివే గెట్‌బూలియన్ కూడా నల్‌కు ఫాల్స్ అనే జవాబిస్తుంది, వెంటనే ‘చదివింది నల్లేనా’ అని చెప్పే వాజ్‌నల్‌ను అడిగితే తప్ప తేడా తెలియదు. జీడితోటలో పనికి వెళ్లి శిబిరానికి రాలేకపోయిన కవిటి ఆవిడ పేరు ఆ విధంగా ఆరోగ్యవంతుల జాబితాలోకి చేరితే, ఆవిడ ఇంటికి మళ్లీ ఎవరూ వెళ్లరు. తొలి దశలో ఈ జబ్బు లక్షణాలు పైకి కనబడవు కనుక, ఆవిడ తనంతట తాను వస్తుందని కూడా అనుకోలేము.

డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో ఇదే వరుస మరోలా తప్పిపోతుంది. ఫాల్స్‌కు సమానమైనవి అడిగినా, ట్రూకు సమానం కానివి అడిగినా నల్ వరుసలు రావు. వాటిని ‘ఈజ్ నల్’ అని విడిగా అడగవలసిందే.

విలువ కోడ్‌లోకి వచ్చే రూపం మీద కూడా నమ్మకం పెట్టుకోకండి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో బూలియన్ అంటే చిన్న పూర్ణాంకమే, అందులో 2 కూడా పడుతుంది, అయితే అది ట్రూతో పోల్చినప్పుడు సరిపోలదు. ఎస్‌క్యూలైట్ అనే మరో డేటాబేస్ 0, 1 అంకెలుగా దాస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అసలైన బూలియన్ ఉన్నా, పీహెచ్‌పీ భాషలో దాన్ని చదివే పీజీ ఫంక్షన్లు దాన్ని ‘టీ’, ‘ఎఫ్’ అక్షరాలుగా అందిస్తాయి, ఖాళీగా లేని ఆ ‘ఎఫ్’ను పీహెచ్‌పీ నిజమనే లెక్కిస్తుంది. పైథాన్‌లో ‘ఫాల్స్’ అనే స్ట్రింగ్‌ను (అక్షరాల మాటను) బూలియన్‌గా మార్చే బూల్‌కు ఇచ్చినా ట్రూయే వస్తుంది. అందువల్ల డేటాబేస్ నుంచి చదివే ఒక్క చోటనే మార్పిడి చేసి, ఊహించని విలువ ఏది వచ్చినా ఎర్రర్ చూపించి ఆగిపోయేలా రాయండి.

నన్నడిగితే, ఈ పనికి బూలియనే వద్దంటాను. ‘ఉంది’, ‘లేదు’, ‘పరీక్ష కాలేదు’ అనే మూడు స్థితుల కాలమ్ పెట్టి, పక్కనే పరీక్ష తేదీ ఉంచండి. ఊరికి వెళ్లేముందు మూడు రకాల వరుసలనూ టెస్టులో వేసి, మూడు జాబితాల మొత్తం ఊరి మొత్తానికి సరిపోయిందో లేదో చూసి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య