నీచు వాసన నుంచి గుండె దాకా

సముద్రపు చేప ఇంటికి తెస్తే ముందు నీచు వాసన వదిలించాలి. ఉప్పు, పసుపు పట్టించి రుద్ది, చింతపండు రసంతోనో నిమ్మరసంతోనో కడుగుతాం. ఆ వాసన ట్రైమిథైల్ అమైన్‌ది, పొట్టిగా టీఎంఏ. దానిది క్షార గుణం. పులుపు తగిలితే లవణంగా మారిపోతుంది, ఇక గాల్లోకి లేవలేదు. మనవాళ్లు కెమిస్ట్రీ చదవకుండానే పట్టేసిన కిటుకు ఇది.

ఇదే టీఎంఏని మన పేగుల్లోని కొన్ని బ్యాక్టీరియాలు కూడా తయారు చేస్తాయి. గుడ్డు సొనలోని కోలిన్, వేటమాంసంలోని కార్నిటిన్ వాటికి ముడిసరుకు. తయారైన టీఎంఏ రక్తంలో కలిసి కాలేయానికి చేరితే, అక్కడో ఎంజైమ్ దానికి ఆక్సిజన్ తగిలించి టీఎంఏఓగా మారుస్తుంది. దీనికి వాసన ఉండదు. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ సరిగా పనిచేయని వాళ్లు కొందరుంటారు. పాపం, వాళ్ల చెమట కూడా చేపల వాసనే వేస్తుంది.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో స్టాన్లీ హేజెన్ బృందం 2011లో ఈ టీఎంఏఓకీ గుండె జబ్బుకీ లంకె ఉందని చెప్పింది. 2013లో వాళ్లు ప్రచురించిన ప్రయోగం నాకు భలే నచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు తలా రెండు ఉడికించిన గుడ్లు పెట్టారు. కొన్ని గంటల్లోనే రక్తంలో టీఎంఏఓ పెరిగింది. తర్వాత వారం రోజులు యాంటీబయాటిక్స్ ఇచ్చి, మళ్లీ రెండు గుడ్లు పెట్టారు. ఈసారి టీఎంఏఓ దాదాపు లేదు! మందులు ఆపి నెల దాటాక మళ్లీ పెడితే, మళ్లీ వచ్చింది. మనిషి అతనే, కాలేయం అదే, గుడ్లూ అవే. మధ్యలో మాయమై తిరిగొచ్చింది బ్యాక్టీరియా ఒక్కటే.

అదే పేపర్లో యాంజియోగ్రామ్‌కి వచ్చిన 4,007 మందిని మూడేళ్లు గమనించారు. టీఎంఏఓ బాగా ఎక్కువున్న పావు వంతు మందికి, బాగా తక్కువున్న పావు వంతుతో పోలిస్తే, గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు సుమారు రెండున్నర రెట్లు. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను టీఎంఏఓ రెచ్చగొడుతుందని 2016లో ఇంకో అధ్యయనం చూపింది.

ఇంతవరకూ కథ చక్కగా నడిచింది. చిక్కంతా మళ్లీ చేప దగ్గరే. సముద్రపు చేపల ఒంట్లో టీఎంఏఓ ముందే దండిగా ఉంటుంది. తిన్నాక రక్తంలో అది గుడ్డు తిన్నప్పటికన్నా ఎక్కువగా ఎగబాకుతుంది. మరి చేపలు గుండెకు మంచివనే కదా డాక్టర్లు చెప్పేది! రెండో చిక్కు కిడ్నీలు. టీఎంఏఓని మూత్రంలో బయటికి పంపేది అవే. అవి దెబ్బతింటే అది రక్తంలో పేరుకుంటుంది, గుండె ముప్పూ పెరుగుతుంది. అంటే టీఎంఏఓ దొంగా, దొంగ వెళ్లిన చోట మిగిలిన అడుగుజాడా? 2019లో జన్యువుల ఆధారంగా చేసిన ఒక విశ్లేషణ రెండోవైపే మొగ్గింది. నాకైతే రెండూ కొంతకొంత నిజమేమో అనిపిస్తుంది. ఈ ఒక్క కారణంతో గుడ్డు మానేయమని మాత్రం ఎవరికీ చెప్పను.

అలాగని రోజూ యాంటీబయాటిక్ మింగలేం కదా. అందుకే బ్యాక్టీరియాను చంపకుండా, టీఎంఏ తయారుచేసే దాని ఎంజైమ్‌ను మాత్రమే అడ్డుకునే మందుల కోసం వెతుకుతున్నారు. ఎలుకల్లో అవి పనిచేశాయి, రక్తం గడ్డకట్టడం తగ్గింది.