21 దాటితే దావా లేదు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అప్పు ఇచ్చేవాళ్లందరికీ తెలిసిన లెక్క ఒకటుంది. ప్రామిసరీ నోటు రాసి మూడేళ్లు నిండేలోగా వెనకవైపు ఎంతో కొంత జమ రాయించి సంతకం తీసుకోకపోతే, నోటుకు కాలదోషం పడుతుంది. పదేళ్ల వయసులో లైంగిక దాడికి గురైన పిల్ల పెద్దయ్యాక సివిల్ కోర్టులో నష్టపరిహారం అడగాలన్నా చూసేది, ఈ లెక్క వెనక ఉన్న కాలపరిమితి చట్టాన్నే. ఇక్కడ గడువు పొడిగించే సంతకం మాత్రం ఉండదు.

దావా ఎంతకాలంలోగా వేయాలో చెప్పే ఈ చట్టం 1859లో వచ్చింది. 1871, 1877, 1908లలో తిరగరాశారు. లా కమిషన్ 1956లో ఇచ్చిన మూడో నివేదిక తరువాత, 1963లో ఇప్పటి రూపానికి వచ్చింది. పాత తగాదాలు తరతరాలు సాగకూడదని, సాక్ష్యం చెడకముందే విషయం తేలాలని దాని ఉద్దేశం. భూమి, అప్పు, ఒప్పందాల విషయంలో అది సబబే. మైనర్లను కూడా చట్టం మరచిపోలేదు. 6వ సెక్షన్ ప్రకారం మేజర్ అయ్యాకే వాళ్లకు గడువు మొదలవుతుంది. అయితే 8వ సెక్షన్ ఆ వెసులుబాటును మూడేళ్లకు మించనివ్వదు. 18 నిండాక మూడేళ్లు, అంటే 21. ఆలస్యాన్ని మన్నించమని కోరే 5వ సెక్షన్ అప్పీళ్లకు, దరఖాస్తులకే గానీ దావాలకు పనికిరాదు.

ఆ చట్టం ఏ కాలపు ఆలోచనో 77వ అధికరణం చూస్తే తెలుస్తుంది. పనిమనిషినో కూతురినో ఎవరైనా లోబరుచుకుంటే, ఆమె చాకిరీ కోల్పోయినందుకు యజమాని గానీ తండ్రి గానీ ఏడాదిలోగా దావా వేయవచ్చు. అందులో ఆ అమ్మాయికి జరిగిన నష్టం ఊసే లేదు. ఈ అధికరణం ఇంకా పుస్తకంలోనే ఉంది.

21 ఏళ్ల వయసు ఇక్కడ ఎలా ఉంటుందో చట్టం రాసినవాళ్లకు తెలిసే అవకాశం లేదు. శ్రీకాకుళం తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు పోతారు, మెట్ట గ్రామాల నుంచి హైదరాబాద్, చెన్నై కట్టడాలకు కూలికి వలసపోతారు. పిల్లలు తాత, అమ్మమ్మల దగ్గరో హాస్టళ్లలోనో పెరుగుతారు. చేయి వేసినవాడు తరచుగా ఇంటివాడో, బాగోగులు చూడవలసినవాడో అయి ఉంటాడు. 21 నాటికి ఆ అమ్మాయి డిగ్రీ చివరి పరీక్షల్లో గానీ, పెళ్లి చూపుల్లో గానీ ఉంటుంది. అప్పుడు ప్లీడరు దగ్గరికి వెళ్లమని ఎవరు చెబుతారు? అబ్బాయిలైతే ఎవరికీ చెప్పుకోనే చెప్పుకోరు.

క్రిమినల్ దారి కొంత మెరుగు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించేందుకు 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టంలో ఫిర్యాదుకు గడువు లేదు. బాధితులు ఏ వయసులోనైనా ముందుకు రావచ్చని 2018లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ స్పష్టం చేసింది. అంతకు ముందు జరిగినవాటికి మాత్రం పాత శిక్షాస్మృతే గతి. అందులో మహిళ గౌరవానికి భంగం కలిగించే దాడిని శిక్షించే 354వ సెక్షన్‌కు 2013 వరకు గరిష్ఠ శిక్ష రెండేళ్లే. ఏడాదికి మించి మూడేళ్ల వరకు శిక్ష పడే నేరాలను కోర్టు మూడేళ్లలోగా విచారణకు స్వీకరించాలని నేర విచారణ స్మృతి 468వ సెక్షన్ చెప్పింది. న్యాయం కోసం దాన్ని సడలించవచ్చుగానీ, అది కోర్టు ఇష్టం.

ఇతర దేశాల్లో సివిల్ గడువు మీదే పెద్ద పోరాటం నడిచింది. కెనడా సుప్రీంకోర్టు 1992లోనే, తనకు జరిగిన హానికీ ఆ దాడికీ సంబంధం బాధితురాలికి అర్థమైన నాటి నుంచి గడువు లెక్కించాలంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా 2015లో, స్కాట్లాండ్ 2017 చట్టంతో గడువును ఎత్తేశాయి. న్యూయార్క్ 2019లో వయోపరిమితిని 55కు పెంచి, కాలం చెల్లిన కేసులకూ కొంతకాలం తలుపు తెరిచింది. బడులు, చర్చిలు జవాబు చెప్పవలసి వచ్చింది ఈ దావాల వల్లనే.

మన దగ్గర ఆ చర్చ బలంగా రాకపోవడానికి కారణం, పరిహారాన్ని క్రిమినల్ కేసుకే ముడివేయడమని నా అభిప్రాయం. పోక్సో ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం కూడా ఇప్పించగలదు, మహిళలకూ పిల్లలకూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఇవి చిన్న విషయాలు కావు. కాకపోతే ఆ డబ్బు వచ్చేది ప్రభుత్వ నిధి నుంచి. పదిహేనేళ్ల కిందట ఫిర్యాదు విని కూడా నోరు మూసుకున్న హాస్టల్ యాజమాన్యం మీద ముప్పై ఏళ్ల వయసులో దావా వేస్తే, కాలదోషం పట్టిందన్న ఒక్క అభ్యంతరంతోనే అది కొట్టివేతకు గురవుతుంది.