నాష్‌విల్‌లో కంట్రీ పాట: అపోహలు - వాస్తవాలు

ఏ రికార్డు కంపెనీతోనూ ఒప్పందం లేకుండా అమెరికాలోని నాష్‌విల్‌లో కంట్రీ పాటలు (అక్కడి పల్లె బాణీలోంచి పుట్టినవి) రాసి పాడుకుంటున్నానని చెబితే, ఊరి నుంచి ఫోన్ చేసే బంధువులు ముందు జీతం అడుగుతారు. తర్వాత వాళ్ల మాటల్లో దొర్లే అపోహలు ఇవి.

అపోహ: పాట రేడియోలో వస్తే పాడినవాళ్ల పంట పండినట్టే.

వాస్తవం: అమెరికాలో ఎఫ్‌ఎం, ఏఎం స్టేషన్లు చెల్లించేది పాట రాసినవాళ్లకు, పాట హక్కులు చూసే పబ్లిషర్లకు మాత్రమే. ఆ డబ్బు ఆస్కాప్, బీఎంఐ వంటి రాయల్టీ వసూలు సంస్థల ద్వారా వస్తుంది. పాడిన గొంతుకు చిల్లిగవ్వ రాదు! శాటిలైట్, ఇంటర్నెట్ రేడియోల లెక్క వేరు. అక్కడ సౌండ్‌ఎక్స్ఛేంజ్ అనే సంస్థ వసూలు చేసి రికార్డింగ్ యజమానికి 50 శాతం, ప్రధాన గాయకులకు 45 శాతం, సహకార వాద్య, గాత్ర కళాకారులకు 5 శాతం పంచుతుంది. సొంత ఖర్చుతో రికార్డు చేసుకుంటే మొదటి రెండు వాటాలూ మనవే, పేరు నమోదు చేసుకుని ఉంటే. పాట కోసం ఆరు నెలలు కష్టపడే మనిషి ఆ ఫారం నింపడానికి బద్ధకిస్తాడు.

అపోహ: స్వతంత్రం అంటే ఒంటరిగా రాసుకోవడం.

వాస్తవం: ఇక్కడ ఇద్దరు ముగ్గురు కూర్చుని రాయడమే ఎక్కువ. ఒకరు ఒక్క మాటే అందించినా గదిలో ఉన్నవాళ్లందరికీ సమాన వాటా అన్నది ఆనవాయితీ. దాన్ని కాగితం మీద పెట్టాలి. ఒకసారి ముగ్గురం రాసిన పాటకు వాటాలు రాసుకోకుండానే కాఫీ తాగి లేచిపోయాం. ఏడాది తర్వాత దాన్ని పాడతామని ఒకరు అడిగేసరికి, పల్లవి మొత్తం తనదేనన్నాడు మాలో ఒకడు. ఆ పాట ఇప్పటికీ నా ఫోనులోనే ఉంది. ఇప్పుడు గిటారు పెట్టెలో తీగలతో పాటు ఖాళీ వాటాల పత్రాలు కూడా ఉంటాయి.

అపోహ: ఒక్క వీడియో పేలితే చాలు.

వాస్తవం: పేలదని అనను. 2023లో అంతకుముందు ఏ చార్టులోనూ లేని గాయకుడు ఆలివర్ ఆంథనీ, అమెరికా పాటల ప్రధాన చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో నేరుగా మొదటి స్థానానికి వచ్చాడు. లాటరీ తగిలినవాణ్ని చూసి మనం అప్పు చేయం కదా. స్పాటిఫైలోనేమో 2024 నుంచి ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినని పాట రికార్డింగ్‌కు రాయల్టీయే లేదు.

అపోహ: నాష్‌విల్‌లోని బ్రాడ్‌వే వీధి బార్లలో పాడితే స్థిరపడ్డట్టే.

వాస్తవం: అక్కడి సంపాదనలో పెద్ద భాగం బకెట్‌లో పడే టిప్పులే. తెలిసిన పాట పాడితే నోటు పడుతుంది. సొంత పాట ఎత్తుకుంటే జనం బీరు కోసం లేస్తారు. సొంత పాటలకు బ్లూబర్డ్ కఫే ఉంది. 1982లో మొదలైంది, సుమారు 90 మంది పడతారు. పాట రాసినవాళ్లే మధ్యలో గుండ్రంగా కూర్చుని వంతులవారీగా పాడతారు. మాట్లాడితే పక్కబల్లవాళ్లే ఉష్ అంటారు.

అపోహ: మన సంగీతం ఇక్కడ పనికిరాదు.

వాస్తవం: స్టూడియోలో కార్డ్‌ల (ఒకేసారి మోగించే స్వరాల గుంపుల) పేర్లకు బదులు 1, 4, 5 అంటూ అంకెలు వేసిన చీటీ ఇస్తారు. శ్రుతి మారినా చీటీ మారదు. మొదటిరోజు నేను దాన్ని స, మ, ప అని చదువుకున్నాను. పాడే అమ్మాయి శ్రుతి పెంచమంటే, గిటారు మెడకు బిగించే క్లిప్పు, కేపోను రెండు మెట్లు పైకి జరిపి మళ్లీ అదే చీటీ చూసి వాయించాను.