కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు

ధవళేశ్వరం ఆనకట్టను చూసి వచ్చిన ఒక విద్యార్థిని, కాటన్ దొర పూర్వీకులు పత్తి వ్యాపారులా అని నన్ను అడిగింది. 1847–1852 మధ్య ఆ ఆనకట్టను కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఇంటిపేరుకు పత్తితో చుట్టరికం లేదు. పత్తి అనే అర్థం గల కాటన్ అరబ్బీ 'కుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరు ఊరిపేరు నుంచి, ఆ ఊరిపేరు గుడిసెల నుంచి వచ్చాయి.

వెయ్యేళ్ళ నాటి ఇంగ్లీషులో 'కొట్' అంటే గుడిసె. నేటి 'కాటేజ్'లో ఉన్నదీ అదే. ఆనాటి ఇంగ్లీషులో నామవాచకాలకు మన తెలుగులాగే విభక్తులుండేవి. ఫలానా చోట ఉన్నాను, ఫలానా చోటికి వెళుతున్నాను, ఫలానా చోటి నుంచి వచ్చాను అనే మూడు సందర్భాల్లోనూ బహువచనానికి 'ఉమ్' చేరి, 'కొటుమ్' అయ్యేది. జనం ఊరిపేరు ఎత్తేది ఎక్కువగా ఈ మూడు సందర్భాల్లోనే కనుక, గుడిసెల దగ్గర అనే ఆ విభక్తి రూపమే పేరుగా నిలిచిపోయింది. తరువాతి శతాబ్దాల్లో ఊనిక లేని చివరి అక్షరం బలహీనపడి 'ఉమ్' కాస్తా 'అన్' అయింది. భాషలో ఆ ప్రత్యయం నశించినా, కేంబ్రిడ్జి పక్కనున్న కోటన్ గ్రామం పేరులో దాని జాడ నేటికీ ఉంది. యార్క్‌లోని ఏకమ్ కూడా ఇటువంటిదే: ఓక్ చెట్ల దగ్గర అని దాని అర్థం. అర్థం మరచిన లేఖకులు దాని చివర లోయను సూచించే 'కూంబ్' మాట వర్ణక్రమాన్ని తగిలించారు.

మన ఇంటిపేర్లను గమనించండి. ఊరు వేమూరు, ఇంటిపేరు వేమూరి. ఊరు గరికపాడు, ఇంటిపేరు గరికపాటి. బడిలో మనం వల్లె వేసిన ఔపవిభక్తికాలు, ఆ 'ఇ', 'టి'లే ఇవి. వ్యాకరణ పాఠాన్ని పిల్లల ఇంటిపేర్లతోనే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. తేడా ఒక్కటే: తెలుగులో ఊరు ప్రథమా విభక్తిలోనే ఉండి, మనిషి ఇంటిపేరు మాత్రం ఆ ఊరికి చెందినవాడనే రూపం తాల్చింది, ఇంగ్లండులో ఊరే విభక్తి తొడుక్కుని, దానిని మార్పు లేకుండా మనిషికి ఇచ్చింది.

అయితే కాటన్ అని రాసిన ప్రతి ఊరూ గుడిసెల ఊరు కాదు. సఫోక్‌లోని కాటన్‌కు మూలం కొడ్డా అనే వ్యక్తి పేరు. 'టున్' అంటే వ్యవసాయ క్షేత్రం. కొడ్డా వారి పొలం అన్నమాట.