మెరుపుకీ ఉరుముకీ మధ్య

"చిత్రహింసల కథలు రోజంతా వినే థెరపిస్టు మనసు చివరికి మొద్దుబారిపోదా?" అని ఒక పాఠకురాలు అడిగారు. మొద్దుబారడం ఒక్కటే కాదు, కోపం, అనుమానం, సిగ్గు కూడా పుడతాయి. అవి ఏ క్షణంలో పుడతాయన్నదే నన్ను పట్టి లాగే విషయం.

పరాయి దేశం నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన శరణార్థికి చికిత్స చేసే గదిలో తరచుగా ముగ్గురుంటారు: శరణార్థి, థెరపిస్టు, దుబాసీ. మెరుపు ముందు కనిపిస్తుంది, ఉరుము ఆలస్యంగా వినిపిస్తుంది. ఇక్కడా అంతే. గొంతు వణకడం, వేళ్లు బిగుసుకోవడం థెరపిస్టుకు వెంటనే అందుతాయి. వాటి అర్థం మాత్రం దుబాసీ నోరు విప్పాకే వస్తుంది. ఈలోగా థెరపిస్టు మనసు ఊరుకోదు, తాను పెరిగిన చోట ఆ ముఖానికి ఏ అర్థముందో దాన్నే తెచ్చి అక్కడ పెట్టేస్తుంది. అన్న చావు గురించి చెబుతూ ఒకాయన చిరునవ్వు నవ్వాడనుకోండి. తన బాధ ఎదుటివాళ్లకు బరువు కాకూడదని నవ్వడం ఆయన వాళ్లలో మర్యాద కావచ్చు. థెరపిస్టుకు మాత్రం 'ఇతను నిజమే చెబుతున్నాడా?' అనిపిస్తుంది. మాటలు వచ్చేసరికి ఆ అనుమానం పాతుకుపోయి ఉంటుంది.

మెరుపు తర్వాత సెకన్లు లెక్కపెడితే పిడుగు ఎంత దూరంలో పడిందో తెలుస్తుంది, మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. థెరపిస్టు చేయాల్సిన లెక్కా ఇలాంటిదే. మాట అందకముందు నాలో ఏం పుట్టింది? అందాక అది ఎంత మారింది? ఆ తేడాయే ఇద్దరి మధ్య దూరం.

ఉరుము ముందుగా తగిలేది దుబాసీకి. "నన్ను కట్టేశారు" అన్న మాటను "ఆయన్ని కట్టేశారట" అని మార్చకూడదు, "నన్ను" అనే పలకాలి. కొన్నిసార్లు ఆ దుబాసీ కూడా అదే యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన మనిషి.

థెరపిస్టులో పుట్టే ఈ స్పందనల పేరు కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్. 1910లో ఫ్రాయిడ్ దీన్ని వైద్యుడు తనలో గుర్తించి అదుపు చేసుకోవాల్సినదిగా చూశాడు. 1950లో మానసిక విశ్లేషకురాలు పౌలా హైమన్ మాత్రం రోగి మనసును తెలుసుకోవడానికి ఇదే సాధనమంది. 1994లో పరిశోధకులు విల్సన్, లిండీ దీన్ని రెండు దిక్కులుగా చూపించారు. ఒకటి తప్పించుకోవడం: మాట మార్చడం, పొడిపొడి ప్రశ్నలు. రెండోది మునిగిపోవడం: రక్షకుడిగా మారి హద్దులు మర్చిపోవడం. ఏళ్ల తరబడి విన్నవాళ్లకు లోకం మీద నమ్మకమే మారిపోవడాన్ని 1990లో మనస్తత్వవేత్తలు మెకాన్, పర్ల్‌మన్ వికేరియస్ ట్రామటైజేషన్ అన్నారు. థెరపిస్టు రాయిలా ఉండాలని విద్యార్థులకు నూరిపోయడం నాకు నచ్చదు. అది శాస్త్రం కాదు, పాత నమ్మకం. ఆప్తులకు నొప్పి కలుగుతోందని తెలిస్తే చాలు, మన మెదడులో ఇన్సులా అనే ప్రాంతపు ముందుభాగం స్పందిస్తుందని 2004లో మెదడు పరిశోధకురాలు టానియా సింగర్ బృందం చూపించింది.

లక్షల మందిని బలిగొన్న ఖ్మేర్ రూజ్ పాలన నుంచి బతికి బయటపడ్డ కంబోడియా శరణార్థుల్లో కొందరు పీడకలల గురించి అడిగితే మెడ గురించి చెబుతారు. 'ఖ్యాల్' అనే గాలి ఒంట్లో పైకి లేచి మెడలోని రక్తనాళాలు చిట్లిపోతాయని వాళ్ల భయం. 2013లో అమెరికా మానసిక వైద్యుల రుగ్మతల గ్రంథం డీఎస్‌ఎం-5 ఈ బాధను పేరుతో సహా చేర్చింది. అది తెలియని థెరపిస్టుకు, అడిగింది చెప్పడం లేదని విసుగొస్తుంది. తెలిసిన థెరపిస్టు, గాలి ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతుంది.